మోసిన్ మార్చిన మాటలు

మదనపల్లె బెంగుళూరు బస్టాండు వెనక సందులో ఫ్లెక్సీలు, పెళ్లిపత్రికలు వేసే అంగడి ఒకటి ఉంది. అందులో తెలుగు టైపు చేసేది మోసిన్. ఎం.ఏ. ఇంగ్లీషు చదివాడు కానీ చదువు కూడు పెట్టలేదు, వేళ్లు పెట్టాయి. నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీలో బిరుదులైనా, శ్రద్ధాంజలి ఫోటో కింద రెండు వాక్యాలైనా అతని చేతి మీదుగా పోవలసిందే. ఎవరు ఏ అక్షరం చెబితే ఆ అక్షరం కొట్టేవాడు. తప్పులు వచ్చేవి కావు. ఆ పేరు విని పుంగనూరు నుంచి, అంగళ్ళు అనే ఊరి నుంచి కూడా మనుషులు అతన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు.

పని అయ్యాక సాయంత్రం పూట అతనికొక పిచ్చి ఉంది. జపాను వాళ్ల యానిమే బొమ్మల సీరియళ్లకు తెలుగు సబ్‌టైటిళ్లు రాసి నెట్‌లో పెట్టేవాడు. ఎవరూ అడిగింది కాదు, దాంతో వచ్చేదీ లేదు. అవి కత్తులు తిప్పేవీ, బాంబులు పేలేవీ కావు. లోకం సగం పాడైపోయాక మిగిలిన నలుగురూ ఎలా బతుకుతున్నారో నింపాదిగా చూపించే సీరియళ్లు. ఒక ఎపిసోడ్ అంతా వాన కురుస్తుంది. ఇంకొకదాంట్లో ఒక ముసలాయన ఎవరూ రాని స్టేషను ఊడుస్తాడు, అంతటితో అయిపోతుంది.

"మనిషి పులుసు కాచుకునేది అంతసేపు సూపిస్తారేంరా. దాన్ని ఎట్ల సూస్తావు నువ్వు?" అని పక్క సీట్లో డిజైన్లు చేసే ఉదయ్ కిరణ్ నవ్వేవాడు.

మోసిన్ దగ్గర జవాబు ఉండేది కాదు. అవి చూస్తే తనకు దిగులు పుట్టకపోగా మనసు కుదుటపడుతుందని చెబితే ఎవరు నమ్ముతారు?

ఆ జవాబు అతనికి అక్క సాజిదా చెప్పింది. చెప్పే నాటికి ఆమె పుంగనూరులో మంచం పట్టి ఉంది.

సాజిదా మోసిన్ కన్నా పదేళ్లు పెద్దది. భర్త ఘని పుంగనూరు బజారులో తాళ్లు, గోనెసంచులు, టార్పాలిన్ పట్టలు అమ్ముతాడు. పలుపుతాడు కావాలన్నా, కళ్లం మీద కప్పే పట్ట కావాలన్నా చుట్టుపక్కల రైతులు ఆ అంగడికే వస్తారు. ఒక్కతే కూతురు ఇరమ్. కుప్పంలో ఇంజనీరింగు, హాస్టలు. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునే కుటుంబమే గానీ, అక్కాతమ్ముళ్లిద్దరి మధ్యా చిన్నప్పటి నుంచీ తెలుగే. నాయనమ్మకు తెలుగు సరిగా రాదు కాబట్టి ఆమె ముందు గుట్టుగా మాట్లాడుకోవడానికి మొదలుపెట్టారు. నాయనమ్మ పోయినా అలవాటు పోలేదు. అక్కను పిలిచే పిలుపు మాత్రం ఉర్దూలోనే, ఆపా అని.

సంక్రాంతి దాటాక సాజిదాకు కామెర్లు వచ్చాయి. పసరు మందు తాగింది, పథ్యం చేసింది, తగ్గలేదు. చివరికి ఘని, మోసిన్ కలిసి ఆమెను బెంగుళూరు తీసుకుపోయారు. స్కానింగులు అయ్యాక డాక్టరు గదిలోకి పిలిచేసరికి ఘని మందుల కోసం కిందికి పోయి ఉన్నాడు. లోపలికి అక్కాతమ్ముళ్లే వెళ్లారు. డాక్టరు కేరళ మనిషి, ఇంగ్లీషు తప్ప మాట్లాడలేదు. కాగితాలు పక్కన పెట్టి మోసిన్ వైపు చూస్తూ మెల్లగా చెప్పాడు. క్లోమంలో పుట్టిన గడ్డ కాలేయానికి పాకిందన్నాడు. ఆపరేషనుకు వీలు లేదు, మహా అయితే కొన్ని నెలలు అన్నాడు. ఆమెకు తెలియడమే మంచిదనీ, కాళ్లు ఆడుతున్నప్పుడే వెళ్లాలనుకున్న చోటుకల్లా తీసుకువెళ్లమనీ చెప్పాడు.

"ఏమంటాండాడురా?" అంది సాజిదా.

మోసిన్ కాగితాల మీంచి తల తిప్పాడు. అక్క ముఖం చూశాడు. పసుపు పూసినట్టున్న ఆ కళ్లు తన నోటి వైపే చూస్తున్నాయి.

"గడ్డ సిన్నదేనంట ఆపా. మందులు వాడితే కొన్ని నెలల్లో తగ్గిపోతుందంట. యాడికీ తిరగకుండా రెస్టు తీసుకోమంటాండాడు."

ఎవరు ఏ అక్షరం చెబితే ఆ అక్షరం కొట్టే మనిషి, జీవితంలో మొదటిసారి మాట మార్చాడు. తిప్పమన్నదాన్ని తిరగవద్దని చేశాడు. సాజిదా డాక్టరుకు దండం పెట్టి లేచింది.

బయట ఘనికి నిజం చెప్పాడు. ఘని వరండాలో గోడకు ఆనుకుని అలాగే కూలబడ్డాడు. కాసేపటికి, "దానికి సెప్పొద్దు. ఇరమ్‌కూ సెప్పొద్దు, పరీచ్చలుండాయి" అన్నాడు. ఆ తర్వాత నెలల్లో మోసిన్ ఆ మాట చాటున దాక్కోవాలని ఎన్నోసార్లు చూశాడు. కుదరలేదు. ఘని చెప్పొద్దనే లోపే తాను అబద్ధం ఆడేసి ఉన్నాడు.

వారం వారం అక్కను చూడటానికి పుంగనూరు పోయేవాడు. వచ్చేపోయే చుట్టాలు ఆమెకు ధైర్యం చెప్పి చెప్పి అలిసిపోయేవాళ్లు. ఏం కాదమ్మా అనే వాళ్లు, మా మేనత్తకు ఇంతకంటే ఎక్కువైంది లేచి తిరుగుతోంది అనే వాళ్లు. టీవీ సీరియళ్లు పెడితే ఆ ఏడుపులకు తల నొస్తోందని కట్టేయమనేది. ఒక ఆదివారం మధ్యాహ్నం మోసిన్ మంచం పక్కన కూర్చుని ల్యాప్‌టాప్‌లో తన పని చేసుకుంటుంటే తెర వైపు తిరిగి పడుకుంది.

"ఏం బొమ్మలురా ఇవి? ఎవురూ మాట్లాడరా?"

"తక్కువ మాట్లాడతారాపా."

"ఇట్ల తిప్పు."

అప్పుడతను రాస్తున్న సీరియలుకు తెలుగులో ‘ఉప్పు ఊరు’ అని పేరు పెట్టుకున్నాడు. ఒక రేవు పట్నం నుంచి సముద్రం వెనక్కి పోయింది, మళ్లీ రాలేదు. మిగిలింది ఉప్పు మేట. సుమి అనే ఆమె ఆ ఊరి రేడియో గదిలో కూర్చుని పక్క ఊళ్లను పిలుస్తుంటుంది. ఎపిసోడుకు ఒక ఊరు పలకడం మానేస్తుంది. ఆమె కొడుకు సముద్రాన్ని వెతుక్కుంటూ పడవను బండి మీద ఈడ్చుకుపోయాడు. ఆమె గడప ముందు ఉప్పు ఊడుస్తుంది, పులుసు కాస్తుంది, మళ్లీ పోయి పిలుస్తుంది.

సాజిదా పదో తరగతి దాకా తెలుగు మీడియం. అడుగున అక్షరాలు చదువుకుంటూ ఆ మధ్యాహ్నమంతా చూసింది. ఘని అంగడి నుంచి వచ్చి, "ఇంత దిగులు బొమ్మలు జబ్బు మనిషికి సూపిస్తావా?" అని మోసిన్ మీద విసుక్కుంటే సాజిదా అడ్డం పడింది.

"దిగులు కాదు ఇది. ఈళ్లు ఎవురూ ఎవురికీ ధైర్యం సెప్పరు సూడు. పక్కన వచ్చి కూసుంటారు, పులుసు తాగుతారు, పోతారు. ఇంటికి వచ్చేవాళ్లందరూ నన్ను లేపి నడిపించాలని సూస్తాండారు. ఈ బొమ్మలోల్లు మాత్రం నన్ను పండుకోనిస్తాండారు."

ఏళ్ల తరబడి తాను వెతుకుతున్న జవాబు అదేనని మోసిన్‌కు అర్థమైంది. కానీ సంతోషించలేకపోయాడు. ఆ ధైర్యం చెప్పే వాళ్లందరికీ పెద్ద తానే కదా.

ఎండాకాలంలో సాజిదా కాస్త తేరుకుంది. లేచి వంటింట్లోకి పోయేది, వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేది. కుప్పం పోతానని పట్టుబట్టింది అప్పుడే. "నెల రోజులు ఆడ రూము తీసుకుందాం. ఇరమ్‌కు నా చేత్తో వండి పెడతాను. హాస్టలు తిండికి సన్నబడిపోయుండాది" అంది. ఘని మోసిన్ వంక చూశాడు. మోసిన్ అక్క వంక చూడకుండా, "డాక్టరు తిరగొద్దన్నాడు కదాపా. చలికాలానికి బాగైపోతావు, అప్పుడు పోదువులే" అన్నాడు. తన అబద్ధాన్ని తానే సాక్ష్యానికి పిలిచాడు. సాజిదా ఇక అడగలేదు.

ఆ తర్వాతి వారం ‘ఉప్పు ఊరు’లో ఒక ఎపిసోడు వచ్చింది. దారిన పోయే మనిషి ఒకడు రేడియో గదికి వచ్చి సుమితో, నీ కొడుకు పడవ దొరికింది, వాడు అందులోనే చనిపోయి ఉన్నాడు అని చెబుతాడు. మోసిన్ ఆ వాక్యం ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఇది చదివే అక్క కళ్లు ఊహించుకున్నాడు. చివరికి, ‘పడవ దొరికింది. అందులో ఎవరూ లేరు. అడుగుల జాడలు కొండ వైపు పోతున్నాయి’ అని టైపు చేశాడు.

ఒక అబద్ధాన్ని నిలబెట్టాలంటే ఇంకో పది గుంజలు పాతాలి. తర్వాతి ఎపిసోడులో సుమి కొడుకు చొక్కా ఉన్న మూసిన పెట్టెను ఉప్పులో గొయ్యి తవ్వి పాతిపెట్టి, అందులోంచి చేయి తీయకుండా కూర్చుంటుంది. మోసిన్ దాన్ని విత్తనాల పెట్టె అన్నాడు. వాన పడితే మొలకెత్తుతాయి అని సుమి నోట పలికించాడు. ఆమె నిజానికి అన్నది, నువ్వు పోయిన వైపు నాకు తెలియదు కాబట్టి ఇక్కడే ఉంచుకుంటున్నాను అని.

సాజిదా ఆ ఎపిసోడు ఒకసారి చూసి మళ్లీ పెట్టించుకుంది. ఆమెకు ఇరమ్ కన్నా ముందు ఒక బిడ్డ పుట్టి పోయింది. ఆ సంగతి మోసిన్‌కు టైపు చేసేటప్పుడు గుర్తుకు రాలేదు.

ఆగస్టులో ఇరమ్ సెలవులకు ఇంటికి వచ్చింది. అప్పటికి సాజిదా మళ్లీ మంచానికి అతుక్కుపోయి ఉంది. రెండు రోజులకు మదనపల్లె అంగడికి ఫోను వచ్చింది. "మామూ, ఒకసారి రా. అమ్మీ పిలుస్తాంది" అంది ఇరమ్, అంతే. ఆ గొంతులో ఏదో తేడా ఉంది. మోసిన్ పెళ్లిపత్రిక సగంలో వదిలేసి బస్సు ఎక్కాడు.

వెళ్లేసరికి ఇరమ్ తల్లి కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. ఆమె ఫోనులో ‘ఉప్పు ఊరు’ ఆగి ఉంది. అడుగున ఇంగ్లీషు అక్షరాలు.

"విత్తనం నాటిన ఆడది అట్ల కూసోదురా" అంది సాజిదా. గొంతు పెగలడం లేదు గానీ కోపం లేదు. "గుంతలో సెయ్యి పెట్టి తీయలేక కూసుందది. ఆ సెయ్యి నాకు తెలుసు. నీ అచ్చరాలు ఒకటి సెప్తాండాయి, ఆమె మొగం ఒకటి సెప్తాంది. అందుకే ఇరమ్‌ను సదవమన్నా."

మోసిన్ తల వంచుకున్నాడు. "నువ్వు బాధ పడతావని, ఆపా..."

"నాకు అపద్దం సెప్పంది అదొక్కటే ఉండె ఈ ఇంట్లో. దాన్నీ నువ్వు సెరిపితివి." కాసేపు ఊపిరి తీసుకుంది. "సరే. అది బొమ్మ. ఇంకేం మార్సినావు?"

మోసిన్ ఫోనులో ఆగి ఉన్న బొమ్మ వైపే చూశాడు.

"బెంగుళూరులో ఆ డాక్టరు ఏం సెప్పినాడు? ఆయన సెప్పింది సెప్పినట్టు సెప్పు. నీకు ఇంగ్లీసు వచ్చు కదా."

మోసిన్ తలుపు వైపు చూశాడు. ఘని అంగట్లో ఉన్నాడు. ఇరమ్ కళ్లార్పకుండా చూస్తోంది. చెప్పాడు. పాకిందని చెప్పాడు, కొన్ని నెలలే అన్నాడని చెప్పాడు. కాళ్లు ఆడుతున్నప్పుడే ఎక్కడికి పోవాలంటే అక్కడికి తీసుకుపొమ్మన్నాడు అని చెప్పేసరికి అతని గొంతు అతనికే వినిపించలేదు.

ఇరమ్ లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. కొళాయి తిప్పిన చప్పుడు వినిపించింది, చాలాసేపు ఆగలేదు.

సాజిదా చచ్చిపోతానని ఏడవలేదు. "ఎండాకాలంలో నడస్తాంటిని కదరా" అంది. "కుప్పం పోతానంటిని." తిట్టి ఉంటే మోసిన్ కాళ్లు పట్టుకునేవాడు. తిట్టలేదు కాబట్టి ఎక్కడ పట్టుకోవాలో అతనికి తెలియలేదు.

సాయంత్రం ఘని వచ్చాడు. ఇంట్లో ముఖాలు చూసి గడపలోనే ఆగిపోయాడు. సాజిదా భర్తను పక్కన కూర్చోబెట్టుకుని, "కారు మాట్లాడు. కుప్పం పోవాల" అంది. ఇంత నీరసంలో ఎట్లా అన్నాడు ఘని. "ఇంకెప్పుడు?" అంది ఆమె. ఘని ఫోను తీశాడు.

ఇరమ్ కాలేజీ తెరిచే రోజుకు బయలుదేరారు. వెనక సీట్లో దిండ్లు వేసి సాజిదాను పడుకోబెట్టారు. తల ఇరమ్ ఒళ్లో ఉంది. ముందు సీట్లో ఘని. తాను రావాలా వద్దా అని మోసిన్ తేల్చుకోలేకపోతే, "వాడూ రానీ" అంది సాజిదా. ఇరమ్ మాత్రం మేనమామతో ఆ వారమంతా ఒక్క మాట మాట్లాడలేదు. పలమనేరు దాటాక గతుకు వచ్చినప్పుడల్లా సాజిదా పళ్లు బిగబట్టేది. వి.కోటలో కారు ఆపి ఘని కొబ్బరిబోండాం కొట్టించి ఎళనీరు తెచ్చాడు. రెండు గుక్కలు తాగి, అద్దంలోంచి టమాటా తోటలు చూస్తూ, "వానలు బాగుండాయి ఈ యేడు" అంది. అప్పటి నుంచి దారి పొడుగునా కళ్లు తెరిచే ఉంచింది.

ఇరమ్ గది హాస్టల్లో పై అంతస్తులో ఉంది. వార్డెను భారతమ్మ మంచి మనిషి. తల్లి కదా, పైకి రావచ్చు, కావాలంటే కుర్చీలో మోయిద్దాం అంది. సాజిదా కారు దిగి మెట్ల దాకా నడిచింది. మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. రెండో కాలు లేవలేదు. కుర్చీ వద్దంది. పిల్లల ముందు కుర్చీలో ఊరేగనని చెప్పి మెట్టు మీదే కూర్చుంది.

ఇరమ్ పైకి పరుగెత్తి ఫోనులో వీడియో కాలు చేసింది. మంచం చూపించింది, అల్మారా చూపించింది, కిటికీలోంచి కనిపించే రైలు కట్ట చూపించింది. కింద మెట్టు మీద సాజిదా ఘని ఫోను రెండు చేతులతో పట్టుకుని, "దిండు గలేబు ఉతుకు, నల్లగుండాది" అంది. "ఆ కిటికీకి తెర లేదేమే?" అంది. ఇరమ్ నవ్వబోయి నవ్వలేక ఫోను పక్కకు తిప్పింది. తెర మీద ఖాళీ గోడ ఒకటి కనిపించింది. సాజిదా దాన్నే చూస్తూ కూర్చుంది.

మోసిన్ కారు పక్కన నిలబడి ఇదంతా చూశాడు. ఏప్రిల్‌లో అయితే ఆమె ఆ మెట్లు ఎక్కేది. ఆ మంచం మీద కూర్చునేది, గలేబు తానే ఉతికేది, వండి పెట్టేది. ఆ మెట్లను ఆమెకూ ఆ గదికీ మధ్య కట్టింది తానేననిపించింది. తర్వాత ఎందరు ఎన్ని చెప్పినా, నీ మంచి మనసుతోనే కదా చేశావని ఓదార్చినా, ఆ మెట్టు అతని కళ్ల ముందు నుంచి పోలేదు.

ఇరమ్ ఆ రోజు కాలేజీలో ఉండలేదు. లీవు పెట్టి తల్లితోనే పుంగనూరు తిరిగి వచ్చేసింది.

మదనపల్లె పోయాక మోసిన్ ‘ఉప్పు ఊరు’ను మొదటి నుంచి మళ్లీ రాశాడు. మార్చిన ప్రతి వాక్యం వెతికి సరిచేశాడు. కొన్నిచోట్ల అసలు మాట ఏమిటో తనకే అనుమానం వచ్చేది. అంతగా తన అబద్ధాలకు అలవాటు పడిపోయాడు. కొత్త ఫైళ్లు పట్టుకుని పోతే సాజిదా మళ్లీ మొదటి నుంచి చూసింది. ఆమె, ఇరమ్, ఘని ముగ్గురూ చూసేవాళ్లు. ఘని తెర వైపు కంటే భార్య వైపే ఎక్కువ చూసేవాడు. మోసిన్ గుమ్మం దగ్గర కూర్చునేవాడు. కొడుకు చనిపోయాడని చెప్పే చోట సాజిదా తెర ఆపించింది.

"ఇది నువ్వు రాసిందేనా?"

"అవునాపా. ఉన్నది ఉన్నట్టే."

"ఊఁ. ఇప్పుడు ఆమె మొగానికి సరిపోయింది" అంది. అతను సబ్‌టైటిళ్లు రాయడం మొదలుపెట్టాక విన్న మెచ్చుకోలు అదొక్కటే. అది విని అతను ఏడ్చాడు.

ఆఖరి ఎపిసోడుకు సాజిదాకు చదివే ఓపిక లేదు. ఇరమ్ చదివి వినిపించింది. సముద్రం రాలేదు. పక్క ఊళ్లన్నీ పలకడం మానేశాయి. సుమి రేడియో ముందు కూర్చుని ఆ రోజు వాతావరణం చెప్పింది, ఎండగా ఉంది, గాలి తక్కువగా ఉంది అని. వినేవాళ్లు ఎవరూ లేరని ఆమెకు తెలుసు. బొమ్మ అక్కడ ఆగిపోయింది.

"ఎవురో ఒకరికి సెప్పాల కదా" అంది సాజిదా కళ్లు మూసుకుని.

నవంబరు మొదట్లో, పొద్దు ఎక్కాక, వాకిట్లో పాలవాడు పిలుస్తుండగా ఆమె పోయింది. ఇరమ్ చేయి ఆమె చేతిలో ఉంది. మోసిన్ మదనపల్లెలో ఉన్నాడు, వచ్చేసరికి గుసుల్ స్నానం కూడా అయిపోయింది. ఖబరస్థానులో మన్ను వేసేటప్పుడు అతని చేయి మన్నులోనే ఉండిపోతే వెనక ఉన్నవాళ్లు భుజం తట్టి పక్కకు జరిపారు.

నెట్‌లో అతను పాత ఫైళ్లు తీసేసి కొత్తవి పెట్టాడు. ఎవరో తెలియని మనిషి కింద రాశాడు, అన్నా, పాతదాంట్లో కొడుకు బతికుంటాడు కదా, అదే బాగుండె, ఎందుకు మార్చినారు అని. మోసిన్ ఆ ప్రశ్న చాలా రోజులు చూశాడు. ఏం చెప్పాలన్నా అక్క పేరు చెప్పాల్సి వస్తుంది. చెప్పలేదు.

పరీక్షల ముందు ఇరమ్ కుప్పం వెళ్లిపోయింది. ఘనితో రోజూ మాట్లాడేది, మోసిన్ ఫోను మాత్రం ఎత్తేది కాదు. జనవరిలో ఒక ఆదివారం అతను ధైర్యం చేసి కుప్పం పోయాడు. ఖైమా, చపాతీలు డబ్బాలో పెట్టుకుని, హాస్టలు గేటు దగ్గర నిలబడి కబురు పంపాడు. దిగి వస్తుందని అనుకోలేదు. వచ్చింది. సాజిదా లాగే మోకాళ్ల దగ్గర దుపట్టా కొసలు పోగేసి పట్టుకుని మెట్లు దిగింది. డబ్బా అందుకుని మూత తీసి వాసన చూసింది.

"నువ్వే చేసినావా?"

"ఊఁ. ఉప్పు తక్కువైంది."

గేటు అవతల గ్రానైటు లారీ ఒకటి పోయింది. ఆ దుమ్ము అణిగేదాకా ఇరమ్ డబ్బాకు మూత పెట్టి పట్టుకుంది.

"మామూ, నీ మీద కోపం పోలేదు నాకు. పోతుందో లేదో కూడా తెలీదు."

"పోవద్దులేమ్మా" అన్నాడు మోసిన్. అది అతను మనసారా అన్న మాట.

"అయినా వస్తా ఉండు" అంది ఇరమ్. డబ్బా ఒళ్లో పెట్టుకుని అక్కడే అరుగు మీద కూర్చుని తినడం మొదలుపెట్టింది. మోసిన్ కొంచెం దూరంగా కూర్చున్నాడు. ఆమె తినేదాకా అక్కడే ఉన్నాడు.